నూట మూడు శాతం తేమ

మొన్న శ్రావణంలో సెలవులకి ఇంటికెళ్ళినప్పుడు అరుగు మీద కూర్చుని నేను రాసిన కోడ్ రన్ చేశాను. గాలిలో తేమ 103 శాతం అని వచ్చింది. పక్కనే కూర్చున్న మా తాత తొంగి చూసి, "వందకి నూటమూడేటిరా? మీ కాలేజీలో మార్కులు కూడా ఇలాగే ఏత్తారా?" అన్నాడు.

మాది గుమ్మలక్ష్మీపురం. పార్వతీపురం నుంచి కురుపాం మీదుగా బస్సులో కొండల్లోకి వస్తే తగులుతుంది. 2022 ఏప్రిల్ దాకా విజయనగరం జిల్లా, ఇప్పుడు పార్వతీపురం మన్యం జిల్లా. వానాకాలం పొద్దున్నే లేచి చూస్తే ఎదురుగా ఉన్న కొండ కనపడదు. మబ్బు కిందికి దిగి వాకిట్లో నిలబడుతుంది. ఆరేసిన తువ్వాలు రెండు రోజులైనా ఆరదు. అయినా సరే, మా ఇంటి అరుగు మీద గాలిలో తేమ వందకి నూట మూడు ఉండదు. అంటే నా కోడ్ అబద్ధం చెప్తోంది. ఆ కోడ్‌ని అప్పటికే లైనక్స్ కెర్నల్‌లో చేర్చమని రెండుసార్లు పంపేశాను కూడా.

ఆ మూడు శాతం గురించే ఈ వ్యాసం. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. మనలో హార్డ్‌వేర్ మీద కాస్త ఇష్టం ఉన్న ప్రతివాళ్ళూ డిగ్రీ అయ్యేలోపు ఒక్క సెన్సర్ డ్రైవర్ అయినా కెర్నల్‌కి రాయడానికి ప్రయత్నించాలి. రెజ్యూమె కోసం కాదు. నిజం చెప్పే కోడ్ రాయడం ఎంత కష్టమో అక్కడ తెలిసినట్టు మన ల్యాబ్ రికార్డుల్లో తెలియదు. ఇంకో కారణం కూడా ఉంది, అది మా ఊరి మబ్బు చెప్పింది. దాని దగ్గరికి వస్తాను.

అసలు సెన్సర్ ఎందుకు కొన్నానంటే జీడిపిక్కల వల్ల. మా వైపు కొండవాలుల్లో జీడితోటలు ఎక్కువ. వేసవిలో పిక్కలు రాలతాయి. ఏరి, ఎండబెట్టి, బస్తాలకెత్తి అమ్ముతాం. ఈ ఏప్రిల్‌లో తాతతో పాటు నేనూ వెళ్ళాను. కొనే ఆయన బస్తాలో చెయ్యి పెట్టి గుప్పెడు పిక్కలు తీసి చేతిలో గలగలలాడించి, "తేమ ఉంది" అని బస్తాకి రెండు కేజీలు తరుగు కట్టాడు. తాత ఏమీ అనలేదు. అనడానికి ఆయన దగ్గర ఏముంది? తేమ ఉందని ఒకాయన చెయ్యి చెప్పింది, లేదని తాత చెయ్యికి తెలుసు. రెండూ చేతులే. కాటా మాత్రం అవతలి వైపు ఉంది.

కాలేజీకి వచ్చాక గాలిలో తేమ కొలిచే చిన్న చిప్ ఒకటి ఆన్‌లైన్‌లో కొన్నాను. గాలి సెన్సర్ పిక్కలోని తేమని నేరుగా కొలవలేదు. కానీ ఒక దారి ఉంది. మూత గట్టిగా పట్టే డబ్బాలో పిక్కలు నింపి, మధ్యలో సెన్సర్ వేలాడదీసి, వైరు బయటికొచ్చే చోట మైనం పూసి ఒక రాత్రి వదిలేయాలి. పిక్కలోని తేమ, డబ్బాలోని గాలి మెల్లగా ఒక సర్దుబాటుకి వస్తాయి. అప్పుడు ఆ గాలిలో తేమ చూస్తే పిక్క ఎంత ఎండిందో అంచనా కట్టొచ్చు. గింజలు నిల్వచేసేవాళ్ళ దగ్గర ఉన్న లెక్కే ఇది. డబ్బాలో గాలి తేమ 65 శాతం లోపు ఉంటే బూజు పట్టడం కష్టం, 70 దాటితే భయం. వేసవి సెలవుల్లో వంటింట్లో ఈ డబ్బా పెట్టుకుని కూర్చుంటే తాత, "డబ్బాకి జొరం సూస్తన్నావేటిరా" అని నవ్వాడు.

అప్పటికి నేను వాడింది చిప్ తయారుచేసినవాళ్ళు ఇచ్చిన ఉదాహరణ కోడ్. మామూలు మైక్రోకంట్రోలర్ బోర్డ్ మీద పనిచేసింది. జూన్‌లో ఒక సీనియర్ పాత రాస్ప్‌బెర్రీ పై ఇచ్చాడు. రోజుల తరబడి రీడింగులు దాచుకోవాలంటే అదే మేలు. కానీ ఆ చిప్‌కి లైనక్స్ కెర్నల్‌లో డ్రైవర్ లేదు. దాని చుట్టాలకి ఉంది: ఎస్‌ఐ7020కి, హెచ్‌టీయూ21కి, మన ల్యాబుల్లో అందరికీ తెలిసిన డీహెచ్‌టీ11కి కూడా ఉంది. దీనికి లేదు.

డ్రైవర్ అంటే ఏంటని తాత అడిగాడు. నేను ఎల్‌కేజీ నుంచీ ఇంగ్లీష్ మీడియం. డ్రైవర్‌కి తెలుగులో ఏమనాలో తెలియక "బండి తోలేవాడు లాంటిది" అనేశాను. తర్వాత ఆలోచిస్తే సరైన మాట మా ఊరి సంతలోనే ఉంది. మా సంతకి కొండ మీది ఊళ్ళ నుంచి సవర మాట్లాడేవాళ్ళు వస్తారు. కొనేవాడికి సవర రాకపోతే, రెండు భాషలూ తెలిసినవాడు మధ్యలో నిలబడి అటు మాట ఇటు, ఇటు మాట అటు చెప్తాడు. దుబాసీ. డ్రైవర్ చేసేదీ అదే. చిప్ మాట్లాడేది రెండు బైట్ల సంఖ్యల్లో. మన ప్రోగ్రామ్‌కి కావల్సింది డిగ్రీలు, శాతాలు. మధ్యలో నిలబడేది డ్రైవర్. దుబాసీ తప్పు చెప్తే రెండు వైపులా వాళ్ళకీ తెలియదు. అందుకే ఆ పని చిన్నదిగా కనిపించినా బాధ్యత పెద్దది.

కెర్నల్‌లో ఇలాంటి సెన్సర్లని చూసుకునే విభాగం ఇండస్ట్రియల్ ఐఓ, పొట్టిగా ఐఐఓ. జొనాథన్ కామెరన్ మొదలుపెట్టాడు. 2009లో కెర్నల్‌లోకి వచ్చింది, ఇప్పటికీ దాన్ని చూసుకునేవాళ్ళలో ఆయనే ముఖ్యుడు. దానికి ఒక పద్ధతి ఉంది. ఏ కంపెనీ చిప్ అయినా సరే, ఉష్ణోగ్రత బయటికి మిల్లీ డిగ్రీల్లో, తేమ మిల్లీ శాతాల్లో రావాలి. వాడేవాడు చిప్ మార్చినా తన ప్రోగ్రామ్ మార్చుకోనక్కర్లేదు. సంతలో అందరూ ఒకే కేజీ రాయి వాడినట్టు.

నాకు మొదట తగిలిన గోడ దశాంశాలు. చిప్ కంపెనీ కోడ్‌లో అన్నీ ఫ్లోట్‌లే. కెర్నల్‌లో మామూలుగా ఫ్లోటింగ్ పాయింట్ వాడకూడదు. ఆ రిజిస్టర్లలో అప్పటికే మన ప్రోగ్రామ్‌ల లెక్కలు ఉంటాయి. కెర్నల్ లోపలికి వెళ్ళిన ప్రతిసారీ వాటిని దాచి మళ్ళీ పెట్టడం ఖర్చు, దాచకుండా వాడితే వేరేవాళ్ళ లెక్కలు పాడవుతాయి. అందుకని 27.35 డిగ్రీలని 27350 మిల్లీ డిగ్రీలుగా పూర్ణసంఖ్యల్లోనే లెక్కకట్టాలి. రూపాయల్లో లెక్క తేలకపోతే పైసల్లోకి మార్చుకోవడం లాంటిది. చిన్న విషయమే. కానీ రెండేళ్ళుగా సీ లాంగ్వేజ్ ల్యాబ్‌లో ఫ్లోట్ అని కళ్ళు మూసుకుని రాసిన నాకు, అది ఎక్కడ నుంచి వస్తుందో మొదటిసారి ఆలోచించాల్సి వచ్చింది.

జూలైలో పంపాను. పంపడం అంటే బటన్ నొక్కడం కాదు. మార్పులన్నీ ప్యాచ్‌లుగా చేసి, గిట్‌తోనే మామూలు అక్షరాల ఈమెయిల్‌గా పంపాలి. ముందు చెక్‌ప్యాచ్ అనే స్క్రిప్ట్ నడిపితే ఖాళీలూ ట్యాబులూ ఎక్కడెక్కడ తప్పో చెప్తుంది. చివర్న మన పేరుతో "సైన్డ్ ఆఫ్ బై" లైన్ రాయాలి. అది సంతకం. ఈ కోడ్ ఇచ్చే హక్కు నాకు ఉంది అని ఒప్పుకోవడం. 2004 నుంచి ఉన్న నియమం ఇది. చిప్ బోర్డ్‌కి ఎలా కనెక్ట్ అయిందో చెప్పే వర్ణన వేరే ప్యాచ్, డ్రైవర్ వేరే ప్యాచ్.

ఇక్కడ ఒక మాట. ఆ ప్యాచ్ మొత్తం కొన్ని కిలోబైట్లు. వీడియో కాల్ లేదు, ఆఫీసు లేదు. కెర్నల్ సోర్స్ దింపుకోవడానికే ఎక్కువ డేటా కావాలి, అది కాలేజీ వైఫైలో ఒకసారి దింపుకుంటే చాలు. మా ఊళ్ళో సిగ్నల్ ఎంత బలహీనంగా ఉన్న రోజైనా ఆ ఈమెయిల్ వెళ్తుంది. ఎవరు పంపారు, ఏ కాలేజీ, ఏ ఊరు అని ఎవరూ అడగలేదు. కోడ్ గురించే అడిగారు.

అడిగారంటే, బాగానే అడిగారు. మొదటిసారికి పద్నాలుగు వ్యాఖ్యలు వచ్చాయి. ఇప్పటికే ఉన్న డ్రైవర్‌లో ఈ చిప్‌ని చేర్చొచ్చు కదా, కొత్త ఫైల్ ఎందుకు? కొలత అయ్యేదాకా ప్రాసెసర్‌ని ఖాళీగా తిప్పుతున్నావు, నిద్రపోనివ్వచ్చు కదా? ఈ వేరియబుల్ పేరేంటి? ఒక్క వ్యాఖ్యలోనూ "నైస్" అని లేదు. హాస్టల్‌లో దుప్పటి కప్పుకుని పడుకున్నాను. క్లాసులో మనకి వచ్చే ఫీడ్‌బ్యాక్ రెండు రకాలు, "గుడ్" లేదా తిట్టు. ఇది రెండూ కాదు. దాన్ని ఎలా తీసుకోవాలో నాకు తెలియలేదు.

పొద్దున్న మళ్ళీ చదివాను. పద్నాలుగింటిలో ఒకటి మాత్రం గుచ్చుకుంది. చిప్ పంపే ప్రతి కొలత వెనకాల ఒక సీఆర్‌సీ బైట్ వస్తుంది. అంకెలు దారిలో చెడిపోయాయో లేదో చూసుకోవడానికి. అది సరిపోకపోతే నా కోడ్ ఏం చేసిందంటే, అంతకుముందు వచ్చిన విలువనే మళ్ళీ ఇచ్చేసింది. డెమోలో గ్రాఫ్ తెగకుండా అందంగా ఉండాలని అలా రాశాను. నిజం చెప్పాలంటే మన ప్రాజెక్టుల్లో చాలామంది చేసేదే. రివ్యూ చేసిన వ్యక్తి ఒకే వాక్యం రాశారు: కొలత రాకపోతే రాలేదని చెప్పాలి, పాతది ఇవ్వకూడదు.

నాకు బస్తాలో పెట్టిన చెయ్యి గుర్తొచ్చింది. కాటా పాడైతే నిన్నటి బరువు చెప్పి డబ్బులు లెక్కపెట్టేవాడిని మనం ఏమంటాం? నేను కోడ్‌లో చేసింది అదే. ఎర్రర్ వస్తే ఎర్రర్ తిరిగివ్వడం అనే రెండు లైన్లు నాకు ఏ సబ్జెక్టూ ఇంత గట్టిగా నేర్పలేదు.

రెండో వెర్షన్ పంపాను. వ్యాఖ్యలు తగ్గాయి. ఒక ప్రశ్న మాత్రం వచ్చింది: పరిధి రెండు చివర్లలోనూ పరీక్షించావా? మన ల్యాబ్‌లో ఏసీ. అక్కడ తేమ 45, 50, మహా అయితే 60. చివర్లు ఎక్కడ దొరుకుతాయి? తడిగుడ్డ కప్పితే 90 దాకా వెళ్ళింది. "పరీక్షించాను" అని జవాబు రాయబోయి ఆగాను. ఆ వారమే ఇంటికి వెళ్ళాను. అరుగు, మబ్బు, తాత, 103.

తప్పు ఎక్కడుందో తెలుసుకోవడానికి రాత్రంతా పట్టింది కానీ, తెలిశాక సిగ్గేసింది. ఈ కుటుంబం చిప్‌లలో తేమ లెక్క ఇలా ఉంటుంది: వచ్చిన సంఖ్యని 125తో గుణించి, 65536తో భాగించి, 6 తీసెయ్యాలి. అంటే కాగితం మీద ఈ సూత్రం మైనస్ 6 నుంచి 119 దాకా వెళ్ళగలదు. గాలి బాగా తడిగా ఉండి, సెన్సర్ మీద తేమ పేరుకుంటే సంఖ్య నిజంగానే వంద దాటుతుంది. దాన్ని 0కీ 100కీ మధ్య కట్టెయ్యాల్సింది సాఫ్ట్‌వేర్. ఎస్‌ఐ7020 డ్రైవర్ తెరిచి చూస్తే అందులో ఆ పని చేసే లైన్ ఉంది, పైన వివరణ కూడా ఉంది. నేను ఆ ఫైల్ చూసే నాది రాశాను. ఆ లైన్ ఎందుకుందో అర్థంకాక వదిలేశాను. ల్యాబ్‌లో దాని అవసరం ఎప్పుడూ రాలేదు కాబట్టి.

ఇందాక చెప్తానన్న రెండో కారణం ఇదే. సెన్సర్లు కొలిచే ప్రపంచం ల్యాబ్‌లా ఉండదు. ఎక్కడో ఎడారి ఎండ, ఎక్కడో గడ్డకట్టే చలి, ఎక్కడో మా శ్రావణ మబ్బు. కోడ్ రాసేవాళ్ళందరూ మధ్యలో, 50 శాతం తేమలో, 24 డిగ్రీల్లో కూర్చుంటే చివర్లలో ఉండే తప్పులు చివర్లలో ఉండేవాళ్ళ మీదే పడతాయి. వాళ్ళ దగ్గర తప్పని చెప్పడానికి ఏమీ ఉండదు, ఆ రోజు తాత దగ్గర లేనట్టే. కాబట్టి చివర్లలో ఉండేవాళ్ళు కోడ్ కూడా రాయాలి. గుమ్మలక్ష్మీపురం, అరకు, పాడేరు, రంపచోడవరం నుంచి ఈ కాలేజీలకి వచ్చిన మనం ఊరు వదిలి టెక్నాలజీ దగ్గరికి వచ్చాం అనుకుంటాం. టెక్నాలజీకి కావల్సిన పరీక్ష గది మన ఊళ్ళోనే ఉంది.

దీనికి ఫ్రెండ్స్ చెప్పే అభ్యంతరాలు నాకు తెలుసు. మా రూమ్‌లోనే రోజూ వింటాను.

మొదటిది, "ప్లేస్‌మెంట్‌కి ఏం పనికొస్తుంది? ఆ టైమ్‌లో రెండొందల ప్రాబ్లమ్స్ చేసేవాడివి." నిజమే, చేసేవాడిని. నాకూ ఉద్యోగం కావాలి, ఇంట్లో అవసరం. కానీ ప్రాబ్లమ్‌కి జవాబు వెనకాల ఉంటుంది. 103కి జవాబు ఎక్కడా లేదు. రెండూ చెయ్యాలి, ఒక్కటే చేస్తే రెండోది మనకి ఎప్పటికీ రాదు.

రెండోది కాస్త గట్టి అభ్యంతరం. "చిప్ అమ్ముకునేది కంపెనీ. దానికి నువ్వు ఉచితంగా డ్రైవర్ రాసిపెట్టడం ఏంటి?" ఇందులో న్యాయం ఉంది. కెర్నల్‌కి వచ్చే మార్పుల్లో ఎక్కువ భాగం జీతం తీసుకుని ఆ పని చేసేవాళ్ళవే. ఉచితంగా చేసేవాళ్ళు తక్కువ. నా జవాబు ఒకటే: నేను కంపెనీ కోసం రాయలేదు, డబ్బా కోసం రాశాను. అది నా ల్యాప్‌టాప్‌లో ఉంటే నేను ఉద్యోగానికి వెళ్ళిన రోజు చచ్చిపోతుంది. కెర్నల్ సుమారు తొమ్మిది పది వారాలకి ఒక కొత్త వెర్షన్ వస్తుంది, లోపలి ఏర్పాట్లు మారుతూనే ఉంటాయి. కెర్నల్ లోపల ఉన్న డ్రైవర్ అయితే, ఏర్పాటు మార్చినవాళ్ళే అందులో కూడా మార్చి పెడతారు. బయట ఉన్నది మాత్రం దాని యజమాని బాధ. మన సీనియర్ల ఫైనల్ ఇయర్ ప్రాజెక్టులు ఎన్ని ఇప్పుడు కంపైల్ అవుతాయో ఒకసారి చూడండి. వైవా అయిన రోజే వాటి ఆఖరి రోజు.

మూడోది, "ఇంగ్లీష్ బాగా రావాలి." ఇది ఈ పత్రిక చదివేవాళ్ళకి సంబంధించింది, కాబట్టి కాస్త ఎక్కువ చెప్తాను. నేను ఇంగ్లీష్ మీడియం. అయినా ఆ పద్నాలుగు వ్యాఖ్యలు నాకు తిట్లలా వినిపించాయి. మాటలు అర్థమయ్యాయి, ఆ మర్యాద అర్థం కాలేదు. ఎందుకు అంత పొడిగా మాట్లాడతారు, ఎక్కడ ఒప్పుకోవాలి, ఎక్కడ వాదించవచ్చు, ఇవి ఎవరైనా మన భాషలో ముందే చెప్పి ఉంటే ఒక రాత్రి నిద్ర మిగిలేది. కెర్నల్ డాక్యుమెంటేషన్‌లో అనువాదాల ఫోల్డర్ ఒకటి ఉంది. చైనీస్, జపనీస్, కొరియన్, ఇటాలియన్, స్పానిష్ ఉన్నాయి. తెలుగు లేదు. తెలుగువాళ్ళకి చేతకాక కాదు. స్వేచ్ఛ సంస్థవాళ్ళు తెలుగులో లైనక్స్ డెస్క్‌టాప్ ఎప్పుడో తెచ్చారు. మనం లేఖినిలో తెలుగు టైప్ చేస్తూ పెరిగినవాళ్ళం.

ప్రతి ఆగస్టు 29న మన క్లబ్ గిడుగు రామమూర్తి గారి ఫోటోకి దండ వేస్తుంది. వాడుక భాష కోసం పోరాడారని ఉపన్యాసాలు ఇస్తాం. ఆయన పర్లాకిమిడిలో ఉంటూ సవరల దగ్గరే సవర నేర్చుకున్నారని, 1931లో ఆ భాషకి వ్యాకరణం, 1938లో నిఘంటువు తెచ్చారని మా వైపు వాళ్ళకే సరిగ్గా తెలియదు. ఆయన చేసింది కూడా దుబాసీ పనే, పుస్తకంలో ఉన్నదానికన్నా మనిషి నోట ఉన్నదాన్ని నమ్మి చేసిన పని. డేటాషీట్‌కీ అరుగు మీద కనిపించిన 103కీ మధ్య నేను నేర్చుకున్నది దాదాపు అదే.

కాబట్టి ఊరికే ఉపదేశం కాకుండా రెండు పనులు అడుగుతున్నాను. ఒకటి, మన క్లబ్ ఈ ఏడాది కెర్నల్‌కి ప్యాచ్ ఎలా పంపాలో తెలుగులో ఒక చిన్న పుస్తకం తెద్దాం. సంస్కృత పదాలతో కాదు, మనం హాస్టల్‌లో మాట్లాడుకునే తెలుగులో. ప్యాచ్‌ని ప్యాచ్ అనే అందాం. రాయడానికి నేను రెడీ, నా అచ్చుతప్పులు దిద్దడానికి తెలుగు బాగా వచ్చినవాళ్ళు కావాలి. రెండు, బయట రివ్యూకి వెళ్ళి వచ్చిన కోడ్‌ని ప్రాజెక్టుగా లెక్కించమని మన డిపార్ట్‌మెంట్‌ని కలిసి అడుగుదాం. చేరినా చేరకపోయినా. ముక్కూ మొహం తెలియని మనిషి పద్నాలుగు ప్రశ్నలు వేసిన కోడ్ మన వైవాకన్నా తక్కువేం కాదు.

మొదలుపెట్టాలనుకునేవాళ్ళకి ఒక సలహా. కెర్నల్ సోర్స్‌లోనే ఐఐఓ ఫోల్డర్ కింద డమ్మీ డ్రైవర్ ఒకటి ఉంది, నేర్చుకోవడానికే రాసింది. అది చదవండి. తర్వాత మీ చేతిలో నిజంగా ఉన్న ఒక సెన్సర్ తీసుకోండి. చేతిలో లేని చిప్‌కి డ్రైవర్ రాయకండి, మీ ఊరి ఎండలోనో చలిలోనో దాన్ని పెట్టి చూడకుండా పంపకండి.

నా డ్రైవర్ ఇంకా కెర్నల్‌లో చేరలేదు. మూడో వెర్షన్‌లో 103 సరిచేశాను. మార్పుల జాబితాలో, తూర్పు కనుమల్లో వానాకాలం మబ్బులో పరీక్షిస్తే ఈ తప్పు దొరికింది అని ఇంగ్లీష్‌లో ఒక లైన్ రాశాను. ఇప్పుడు నాలుగోది వెళ్ళింది. అందులో కూడా ఏదో అడుగుతారు.

మొన్న ఫోన్‌లో తాత, "నీ డబ్బా పనయిందేటిరా?" అని అడిగాడు. ఇంకా కాలేదన్నాను. వచ్చే ఏడు పిక్కలు రాలేలోపు అవ్వాలన్నాడు. కొనే ఆయన నా అంకె చూసి తరుగు తగ్గిస్తాడని నాకేం నమ్మకం లేదు. కానీ బస్తా కట్టకముందే, ఇంకో రెండు రోజులు ఎండబెట్టాలో లేదో తాతకి ఇంట్లోనే తెలుస్తుంది. ఆ అంకె తప్పైతే నష్టం తాతకే. అందుకే నాలుగో వెర్షన్‌కి తొందరపడలేదు.